సిగ్నల్ గట్టు మీద నుంచి: అందరికీ ఉచిత ఇంటర్నెట్ అడగడం అత్యాశేనా?

పోస్టు కాస్త పెద్దది. సిగ్నల్ ఉన్నప్పుడు సేవ్ చేసుకుని, ఇంటికెళ్ళాక తీరిగ్గా చదువుకున్నా పర్లేదు.

మన వైపు చాలా ఊళ్ళకి ఒక సిగ్నల్ గట్టు ఉంటుంది. మ్యాపులో దానికి పేరుండదు, మనకి మాత్రం తెలుసు. ఏ రాయి మీద నిలబడితే రెండు గీతలొస్తాయో, ఏ చెట్టు కిందకి జరిగితే పోతాయో చిన్నపిల్లలకి కూడా తెలుసు. లాక్‌డౌన్‌లో మనలో చాలామంది డిగ్రీ చదివింది ఆ గట్టు మీదే.

రెండేళ్ళ కింద మా అత్తకి రేషన్ కార్డు ఈ-కేవైసీ చేయాల్సి వచ్చింది. మిషన్ పట్టుకుని ఊళ్ళోకి రెండుసార్లు వచ్చారు, నెట్ అందలేదు. మూడోసారి అందరినీ గట్టు మీదకి రమ్మన్నారు. మోకాళ్ళ నొప్పితో ఆవిడ కర్ర పట్టుకుని ఎక్కింది. నెట్ వచ్చింది గానీ వేలిముద్ర పడలేదు. చింతపండు కొట్టీ, పోడు చేసీ అరిగిపోయిన వేళ్ళు మరి. రెండో వేలు పెట్టేసరికి నెట్ పోయింది. తర్వాత నెల ఆవిడ పేరు మీద బియ్యం రాలేదు. మళ్ళీ పేరు ఎక్కడానికి నాలుగు నెలలు పట్టింది.

ఈ సంగతి హాస్టల్లో చెప్తే మైదానం నుంచి వచ్చిన ఒక క్లాస్‌మేట్ నవ్వాడు. "బియ్యం ఉచితం, హాస్టల్ ఉచితం, ఇప్పుడు నెట్ కూడా ఉచితంగా కావాలా మీకు? రేపు ఫోన్ కూడా అడుగుతారు" అన్నాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. కోపం మాత్రం వచ్చింది. తర్వాత లైబ్రరీలో కూర్చుని మన చరిత్ర కొంచెం చదివాక, జవాబు మన కొండల్లోనే ఉందని అర్థమైంది. అదే ఇక్కడ రాస్తున్నా.

1. దూరం వల్ల ఓడిపోయిన కేసులు

1879 మార్చిలో రంప దేశంలో తిరుగుబాటు మొదలైంది. చోడవరం చుట్టూ మొదలై, గొల్కొండ కొండలకి, భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. కారణం అడిగితే మనం వెంటనే చిగురుపన్ను అంటాం. అది నిజమే. తాతల కాలం నుంచి గీసుకుని తాగుతున్న కల్లుకి పన్ను కట్టమన్నారు, పైగా దాన్ని మైదానం కాంట్రాక్టర్లకి పాటకిచ్చారు. మన్సబుదారు దోపిడీ ఉండనే ఉంది. పోలీసుల వేధింపులూ ఉన్నాయి.

కానీ అప్పటి ప్రభుత్వ విచారణలోనే బయటపడిన ఇంకో కారణం గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. అది సివిల్ కోర్టు. కింద నుంచి వచ్చిన వర్తకులు మనోళ్ళతో చదవడం రాని కాగితాల మీద ఒప్పందాలు రాయించుకునేవాళ్ళు. ఆ కాగితంతో మైదానంలోని కోర్టులో దావా వేసేవాళ్ళు. కొండ మీది మనిషికి నోటీసు వచ్చిందో లేదో తెలీదు. వచ్చినా చదవలేడు. చదివించుకున్నా అన్ని రోజులు నడిచి, జ్వరాలకి భయపడుతూ, తెలియని ఊరికెళ్ళి, తెలియని భాషలో వాదించుకోలేడు. ఎదుటి పక్షం రాలేదని చెప్పి కోర్టు ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేసేది. వర్తకుడు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చి పశువుల్నీ ధాన్యాన్నీ తోలుకుపోయేవాడు. 5 రూపాయల బాకీకి 100 రూపాయల సొత్తు పట్టుకుపోయిన ఉదంతం ఆనాటి ప్రభుత్వ రికార్డులకే ఎక్కింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ మనిషి బాకీ ఉన్నాడా లేదా అన్నది కోర్టులో తేలలేదు. రాలేదు కాబట్టి ఓడిపోయాడు. అంతే. దూరమే అతని నేరమైంది.

మా అత్త విషయంలో జరిగింది ఇదే కదా? ఆవిడ బియ్యానికి అర్హురాలా కాదా అని ఎవరూ విచారించలేదు. మిషన్ ముందుకి "రాలేదు", కాబట్టి పేరు తీసేశారు. 1879లో కోర్టు మైదానంలో ఉండేది, ఇప్పుడు సర్వర్‌లో ఉంది. రెండుచోట్లకీ మనకి దారి లేదు.

ఇప్పుడు ఈ బాధ ఒక్క రేషన్‌కే పరిమితం కాదు. ఉపాధి హామీ పని దగ్గర 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లోనే హాజరు వేయాలన్నారు, రోజుకి రెండుసార్లు ఫొటోతో. 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బులకి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశారు. స్కాలర్‌షిప్ ఆన్‌లైన్, పరీక్ష దరఖాస్తు ఆన్‌లైన్, హాల్‌టికెట్ ఆన్‌లైన్. నెట్ వాడుకోవాలా వద్దా అని మనల్ని ఎవరూ అడగలేదు. నెట్ లేకపోతే హక్కు లేదు అనే దాకా తీసుకొచ్చారు. మరి తప్పనిసరి చేసినవాళ్ళు దాన్ని అందించే బాధ్యత కూడా తీసుకోవాలా వద్దా? నా వాదన మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంది.

2. అర్ధణా ఉత్తరం నేర్పిన పాఠం

"దూరంగా ఉంటే ఖర్చు ఎక్కువవుతుంది, ఎవరి ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలి" అని కొందరంటారు. ఈ వాదన కొత్తది కాదు. దీనికి జవాబు 170 ఏళ్ళ కిందే దొరికింది.

1854కి ముందు ఉత్తరం ఖరీదు దూరాన్ని బట్టి ఉండేది. ఎంత దూరం వెళ్తే అంత కట్టాలి. 1854లో కొత్త తపాలా చట్టంతో ఆ లెక్క మారింది. పావు తులం బరువు లోపు ఉత్తరం దేశంలో ఎక్కడికి పంపినా అర్ధణా బిళ్ళ చాలు. పక్క ఊరికైనా, వెయ్యి మైళ్ళ అవతలికైనా అదే అర్ధణా. ఇది కంపెనీ వాళ్ళ దయ కాదు. వాళ్ళ పాలనకి, వాళ్ళ వ్యాపారానికి అది అవసరం. కానీ అందులో ఒక మంచి సూత్రం ఉంది. దగ్గరున్నవాడి ఉత్తరం మీద మిగిలిన డబ్బుతో దూరమున్నవాడి ఉత్తరం కూడా వెళ్తుంది. లాభం వచ్చే చోటా రాని చోటా కలిపి ఒకే వ్యవస్థగా నడపాలి.

స్వతంత్రం వచ్చాక కూడా ఈ సూత్రం మీదే పోస్టాఫీసు నడిచింది. ఒక బ్రాంచి పోస్టాఫీసుకి ఆదాయం ఎంతొస్తుందని మాత్రమే చూసుంటే మన మండలాల్లో ఎన్ని పోస్టాఫీసులు ఉండేవో మీరే ఊహించుకోండి. ప్రైవేటు మొబైల్ కంపెనీ మాత్రం అలా ఆలోచించదు. గట్టు మీద టవర్ పెట్టాలంటే కరెంటు కావాలి, దారి కావాలి, డీజిల్ మోయాలి. కింద 40 గడపలుంటాయి, అందులో రీచార్జ్ చేసేది పదిమంది. కంపెనీ రాదు. రాకపోవడం దాని తప్పు అని కూడా నేను అనను, అది వ్యాపారం. అందుకే ఇది ప్రభుత్వం పని.

3. దారి ఎవరి కోసం వేశారు?

ఇంకో వైపు కూడా చూడాలి. ప్రభుత్వం కొండెక్కి వచ్చినప్పుడల్లా మన కోసమే వచ్చిందా?

గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు మనందరికీ తెలుసు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించినవాడు. రోడ్డు మంచిదే కదా అనొచ్చు. ఆ రోడ్డు వేసింది మనోళ్ళు, ఇవ్వాల్సిన కూలి కూడా సరిగ్గా ఇవ్వకుండా వేయించారు. ఆ రోడ్డు మీద పైకొచ్చింది పోలీసులు, అటవీ అధికారులు. కిందకి పోయింది కలప. ఆ కడుపుమంటే గాం మల్లుదొర, గంటందొర లాంటివాళ్ళని అల్లూరి సీతారామరాజు పక్కన నిలబెట్టింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరుసగా దాడి జరిగింది.

వాళ్ళ చేతిలో టెలిగ్రాఫ్ తీగ లేదు. అయినా మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! కబురు మనిషి నుంచి మనిషికి, సంత నుంచి సంతకి, బారిక నోటి నుంచి ఊరికి వెళ్ళింది. దాడికి ముందు మిరపకాయ టపా పంపేవాడని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే కబురు పంపుకోవడం మనకి ఎవరో నేర్పిన విద్య కాదు. మన దగ్గర మన నెట్‌వర్క్ ఉండేది. దాని మీద పెత్తనం కూడా మనదే.

ఇప్పుడు మన కాలానికి రండి. 2014లో కేంద్రం మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలకి టవర్ల పథకం తెచ్చింది. పది రాష్ట్రాల్లో బీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా 2,343 టవర్లు వచ్చాయి, అన్నీ 2జీవే. ఎక్కడ పెట్టాలో తేల్చడంలో హోంశాఖ మాట, భద్రతా అవసరం ముందున్నాయి. బడి ఎక్కడుంది, ఆసుపత్రి ఎక్కడుంది అన్నది వెనకబడింది. అటు టవర్లు పేల్చేసిన రోజులూ మనం చూశాం. రెండు వైపులా మన ఊరిని అడిగినవాళ్ళు లేరు. 1920ల్లో రోడ్డుకి, ఇప్పుడు టవర్‌కి మధ్య వందేళ్ళు గడిచినా ఆ పద్ధతి మారలేదు.

కాబట్టి "ప్రభుత్వం నెట్ ఇవ్వాలి" అని అడిగితే సరిపోదు. ఎక్కడ ముందు ఇవ్వాలో మన గ్రామసభ చెప్పాలి. 1996 పెసా చట్టం ఉన్నది అందుకే.

4. మాటలిచ్చిన తేదీలు

మీ ఊరి పెద్దల్ని అడిగి ఈ తేదీలతో సరిచూసుకోండి.

1994 జాతీయ టెలికం విధానం: 1997 నాటికి దేశంలోని అన్ని గ్రామాలకీ టెలిఫోన్ అన్నారు. కాలేదు.

1999 కొత్త విధానం: మిగిలిన గ్రామాలన్నిటికీ 2002 నాటికి అన్నారు. అదీ మన కొండల దాకా రాలేదు.

2002 నుంచి యూనివర్సల్ సర్వీస్ నిధి మొదలైంది. టెలికం కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం దీనికి కట్టాలి. దూరపు ఊళ్ళకి ఫోన్, నెట్ తీసుకెళ్ళడానికే ఈ డబ్బు. అర్ధణా ఉత్తరం సూత్రమే ఇది. కానీ ఏళ్ళ తరబడి వేల కోట్లు ఖర్చు కాకుండా ఉండిపోయాయి. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి.

2011 అక్టోబర్: రెండున్నర లక్షల పంచాయతీలకి ఫైబర్ కేబుల్, రెండేళ్ళలో పూర్తి అన్నారు. దాన్నే తర్వాత భారత్‌నెట్ అన్నారు. గడువులు జరుగుతూ వచ్చాయి. 2023లో ఇంకో 1.39 లక్షల కోట్లతో మళ్ళీ మొదలుపెట్టారు.

2021లో మన రాష్ట్రం సహా అయిదు రాష్ట్రాల వెనుకబడిన జిల్లాల్లో 7,287 గ్రామాలకీ, 2022లో దేశమంతటా 24,680 గ్రామాలకీ 4జీ ఇస్తామని కేంద్ర కేబినెట్ ఆమోదించింది. అంటే స్వతంత్రం వచ్చిన 75వ ఏడు కూడా అన్ని వేల ఊళ్ళు సిగ్నల్ లేకుండా ఉన్నాయని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

2017-18 జాతీయ నమూనా సర్వేలో పట్నాల్లో 42 శాతం ఇళ్ళకి నెట్ సౌకర్యం ఉంటే, పల్లెల్లో 15 శాతం ఇళ్ళకే ఉంది. ఆ పల్లెల లెక్కలో మైదానం పల్లెలూ కలిసే ఉన్నాయి. రెండేళ్ళు తిరక్కుండానే కరోనా వచ్చింది, చదువంతా ఆన్‌లైన్ అన్నారు.

ఇక్కడే నా క్లాస్‌మేట్‌కి మొదటి జవాబు. ఆ 5 శాతం ఎక్కడిది? మనం చేసుకున్న ప్రతి రీచార్జ్‌లోంచి వచ్చింది. గట్టెక్కి ఫోన్ చేసుకున్న మా అత్త కూడా 20 ఏళ్ళుగా ఆ నిధికి తన వంతు కడుతూనే ఉంది. ఇది ఉచితం కాదు బాబూ, మాకు రావాల్సిన బాకీ.

5. ఎవరిచ్చే ఉచితం?

ఉచితం అనగానే సంతోషపడిపోకూడదని కూడా మన చరిత్రే చెప్తుంది. సంతలో షావుకారు ముందు ఉప్పు, బట్ట అప్పుగా ఇచ్చేవాడు. తర్వాత చింతపండు, అడ్డాకులు అతని కాటాకే, అతను చెప్పిన ధరకే పోయాలి. ఆ వడ్డీల దోపిడీ ఎంత ముదిరిందంటే బ్రిటిష్ ప్రభుత్వమే 1917లో ఏజెన్సీ చట్టం తెచ్చి వడ్డీని ఏడాదికి 24 శాతం దాటకూడదనీ, భూమి గిరిజనేతరులకి పోకూడదనీ కట్టడి చేయాల్సొచ్చింది.

2015లో ఫేస్‌బుక్ కంపెనీ ఫ్రీ బేసిక్స్ అని ఒకటి తెచ్చింది. పేదలకి ఉచిత నెట్ అన్నారు. కానీ అందులో అన్నీ రావు, వాళ్ళ వేదిక మీద ఉన్న సైట్లే వస్తాయి. దేశమంతా లక్షలమంది అభ్యంతరం చెప్పారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి తేడా ధరల్ని నిషేధించింది. నా దృష్టిలో అది షావుకారు ఉప్పే. ఉచితం ఇచ్చేవాడు మన కాటాని తన చేతిలో పెట్టుకుంటే అది ఉచితం కాదు.

మరి షావుకారుకి విరుగుడు ఏం చేశాం? 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. మన జీసీసీ. అటవీ ఫలసాయం కొనడం, డీఆర్ డిపోల్లో సరుకులు అమ్మడం. దాని లోపాలు మనకి తెలుసు, కాటాలో తేడాలు, లేటు బిల్లులు అన్నీ చూశాం. అయినా ఆ డిపో లేకపోతే మన తాతల పరిస్థితి ఏమయ్యేది? వ్యాపారి రాని చోటికి, వచ్చినా దోచుకునే చోటికి ప్రభుత్వం డిపో పెట్టొచ్చని జీసీసీ రుజువు చేసింది. ఉప్పుకి చేసిన పని నెట్‌కి ఎందుకు చేయకూడదు?

మిగతా చోట్ల ప్రయత్నాలు కూడా చూద్దాం. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ నెలకి 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇస్తామంది. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా జాతికి అంకితం చేశారు. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగారు కాబట్టి ఖర్చు తగ్గింది. మరి స్తంభమే లేని ఊరికి? గాలివానకి చెట్టు పడితే? మొదటి డిజిటల్ గ్రామంగా చూపించింది కోనసీమలోని మోరిని. కోనసీమ వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ వరస ఎక్కడ మొదలైందో, మనం ఆ వరసలో ఎక్కడున్నామో గమనించండి.

కేరళ 20 లక్షల పేద కుటుంబాలకి ఉచితంగా నెట్ ఇస్తామని కె-ఫోన్ పెట్టింది. 2023 జూన్‌లో మొదలైంది. మొదటి విడత నియోజకవర్గానికి వంద చొప్పున 14,000 ఇళ్ళనే ఎంచుకున్నారు. మాటకీ చేతకీ దూరం అక్కడా ఉంది. అయినా ఆ ఆలోచన గట్టిది. అదే కేరళలో 2019లో ఒక హాస్టల్ విద్యార్థిని, ఫోన్ వాడకం మీద పెట్టిన ఆంక్షల్ని ఒప్పుకోనందుకు హాస్టల్ నుంచి పంపేస్తే, హైకోర్టుకెళ్ళింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో, వ్యక్తిగత గోప్యత హక్కులో భాగమని కోర్టు తీర్పిచ్చింది. హాస్టల్ పిల్లలం, ఈ తీర్పు మనం గుర్తు పెట్టుకోవాలి.

ఫిన్లాండ్ 2010 జులై నుంచి ప్రతి ఇంటికీ 1 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్ చట్టబద్ధమైన హక్కు అంది. అక్కడ అది ఉచితం కాదు, సరసమైన ధరకి ఇచ్చి తీరాలి అంతే. ఉచితం వేరు, హక్కు వేరు. ఉచితాన్ని వచ్చే ప్రభుత్వం తీసేయొచ్చు. హక్కుని తీసేయాలంటే అంత తేలిక కాదు. మనకి రెండూ కావాలి.

6. "అందరికీ ఎందుకు? పేదలకే ఇస్తే చాలదా?"

ఇది నిజాయితీగా అడగాల్సిన ప్రశ్నే. విశాఖలో అపార్ట్‌మెంట్ ఉన్నవాడికి ఉచిత నెట్ దేనికి? ఆ డబ్బుతో పాడేరులో డాక్టర్‌ని పెట్టొచ్చు కదా? నేనూ మొదట ఇలాగే అనుకున్నా.

కానీ పేదలకే అంటే ఏమవుతుంది? జాబితా వస్తుంది. జాబితాలో ఎక్కాలంటే కార్డు కావాలి, కార్డుకి ఈ-కేవైసీ కావాలి, ఈ-కేవైసీకి నెట్ కావాలి. నెట్ కోసం నెట్ ఉండాలి! మళ్ళీ మా అత్త గట్టెక్కాలి. జాబితా ఉన్న ప్రతి చోటా చివర మిగిలిపోయేది మనోళ్ళే. రోడ్డు మీద నడవడానికి ఆదాయ ధృవీకరణ పత్రం అడగం కదా. అందుకే కనీస నెట్ అందరికీ ఉచితంగా ఉండాలి. దరఖాస్తులకి, చదువుకి, వైద్యానికి, బ్యాంకుకి సరిపడేంత. అంతకు మించి సినిమాలకి, గేములకి కావాలంటే కొనుక్కోవచ్చు. ఉన్నవాళ్ళు ఎలాగూ కొనుక్కుంటారు.

డాక్టర్ బదులు నెట్ అని కూడా నేను అనట్లేదు. డోలీ మోతలు ఆగాలంటే రోడ్డు కావాలి, డాక్టర్ కావాలి. కానీ 108కి ఫోన్ కలవాలంటే కూడా సిగ్నల్ కావాలి. ఒకటి అడిగితే ఇంకోటి వదులుకోవాలని ఎవరు చెప్పారు?

నెట్ వచ్చినా మన భాష లేకపోతే సగమే వచ్చినట్టు. ఆదిలాబాద్ గుంజాల ఊరి గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది, అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో వాడుకునే దారి పడింది. పక్కన ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి సీజీనెట్ స్వర నడిచింది. మామూలు ఫోన్‌లో గోండిలో మాట్లాడి రికార్డు చేస్తే అది వార్త అయ్యేది. అక్షరం రాని అవ్వ కూడా విలేకరి అయ్యింది. కోయ, కువి, కొలామీల్లో మనం ఏం చేశాం? ఇది ప్రభుత్వాన్ని అడిగే ప్రశ్న కాదు, మనల్ని మనం అడగాల్సింది.

7. మనం ఏం అడగాలి

ఒకటి. నెట్ అందని కారణంగా ఏ మనిషి రేషన్, పింఛను, కూలి ఆపకూడదు. నెట్ లేని చోట కాగితం మీద సంతకం చెల్లాలి. ఏకపక్ష డిక్రీలు ఇక చాలు.

రెండు. ప్రతి ఆశ్రమ పాఠశాల, హాస్టల్, సచివాలయం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, డీఆర్ డిపో దగ్గర ఉచిత వైఫై. ఊరికి దగ్గరలో, మెట్ట ఎక్కక్కర్లేని చోట.

మూడు. అందరికీ నెలకి కనీస డేటా ఉచితం, జాబితాలు లేకుండా.

నాలుగు. టవర్, కేబుల్ పని చివరి ఊరి నుంచి మొదలుపెట్టాలి. ఎక్కడ పెట్టాలో గ్రామసభ తీర్మానంతో తేలాలి. 2023 జూన్‌లో మన రాష్ట్రంలో ఒకేసారి 100 టవర్లు ప్రారంభించారు, ఎక్కువ భాగం మన ఏజెన్సీలోనే, మంచిదే. అందులో ఈ రోజు ఎన్ని పనిచేస్తున్నాయో, కరెంటు పోతే ఎన్ని గంటలు నిలబడతాయో కూడా గ్రామసభకి చెప్పాలి.

చివరిగా ఒక పని. ఈసారి సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఒక నోటుబుక్ తీసుకోండి. మీ పంచాయతీలో ఏ గూడెంలో సిగ్నల్ ఉంది, ఏ గూడెంలో లేదు, సిగ్నల్ గట్టుకి ఎంతసేపు నడవాలి, నెట్ వల్ల ఎవరి రేషన్, ఎవరి పింఛను ఆగింది రాయండి. పేర్లు వాళ్ళనడిగే రాయండి. దాన్ని గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. 1879లో మనోళ్ళ దగ్గర కాగితం లేదు కాబట్టి ఎదుటివాడి కాగితమే గెలిచింది. ఇప్పుడు మనకి రాయడం వచ్చు.

మా అత్తకి ఈ పోస్టు చదివి వినిపించాలి. దానికి మళ్ళీ గట్టెక్కాలి. ఆవిడ వద్దు, నేనే ఎక్కి డౌన్‌లోడ్ చేసుకొస్తా.

జోహార్.